వెండి రూపాయలతో మునిగిన ఓడ

ఈసారి చరిత్ర ముచ్చట కొంచెం పొడుగ్గానే ఉంటుంది. ఆదివారం తీరిగ్గా చదువుకోండి.

మన పెద్దవాళ్ళు కషాయం కాచేటప్పుడు "రూపాయెత్తు శొంఠి, అర్ధరూపాయెత్తు మిరియాలు" అనేవారు గుర్తుందా? అది ఊరికే నోటిమాటగా వచ్చిన కొలత కాదు. 1835 చట్టంతో కంపెనీ వారు తమ ఏలుబడి అంతటా ఒకే రూపాయి పెట్టినప్పుడు దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు మేలిమి వెండి. తక్కెడలో వెయ్యడానికి రాయి లేకపోతే రూపాయలే వేసేవారు. ఎనభై రూపాయలైతే సేరు, నూట ఇరవై అయితే వీశె. బళ్ళారి అంగడిలోనైనా, బరంపురం సంతలోనైనా, కోయంబత్తూరు పత్తి మండీలోనైనా అదే రూపాయి, అదే ఎత్తు. నాందేడ్ వైపు మనవాళ్ళు దీన్ని "కల్దార్" అనేవారు, నిజాం గారి హాలీ సిక్కా నుంచి వేరుచేసి చెప్పడానికి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. యానాం వారిది ఇంకో దారి. వారికి ఫ్రెంచి బ్యాంకు అచ్చువేసిన రూపాయి నోట్లు ఉండేవి.

అలాంటి కల్దార్ రూపాయలు ఒకటీ రెండూ కాదు, దాదాపు 100 టన్నులు, ఒకే ఓడలో బొంబాయి నుంచి బయలుదేరి దారిలో మునిగిపోయాయి. డెబ్బై ఏళ్ళ తర్వాత అవి సముద్రం అడుగునుంచి పైకి వచ్చాయి. వచ్చాక ఏమయ్యాయన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి. ముందు అసలు ఆ రూపాయలు ఓడ ఎందుకెక్కాయో చెప్పాలి.

1939లో యుద్ధం మొదలైంది. 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయిందన్న కబురు రాగానే మన జనానికి కాగితం డబ్బు మీద నమ్మకం సడలింది. నోట్లు పట్టుకెళ్ళి బిళ్ళలు ఇమ్మని అడిగారు. చేతికొచ్చిన వెండి రూపాయి మళ్ళీ బజారు మొహం చూడలేదు. కుండల్లోకి, గోడ గూళ్ళలోకి, గాదెల అడుగుకి వెళ్ళిపోయింది. ప్రభుత్వం ఆ నెలలోనే అవసరానికి మించి రూపాయి నాణేలు కూడబెట్టడం నేరమని ప్రకటించింది. వెనకే ఒక రూపాయి నోటును బజారులోకి వదిలింది. అంతటితో ఆగకుండా రూపాయి బిళ్ళలో వెండిని సగానికి దించింది: నూటికి 50 పాళ్ళు వెండి, 40 పాళ్ళు రాగి, మిగతా పది నికెలూ జింకూ. బరువు మారలేదు, రాజుగారి బొమ్మ మారలేదు, లోపలి సరుకు మారిపోయింది.

తర్వాత పాతవాటిని వెనక్కి పిలిచారు. విక్టోరియా రాణి బొమ్మ ఉన్నవి 1941 మార్చి 31 దాకా, ఎడ్వర్డ్ రాజు బొమ్మ ఉన్నవి 1942 మే 31 దాకా చెల్లుతాయి, ఆ పైన చెల్లవన్నారు. ఆ తర్వాత జార్జి రాజుల పాత వెండి రూపాయల వంతు వచ్చింది. ఇందులో సర్కారుకు లాభమేమిటో చిన్న లెక్కతో తెలిసిపోతుంది. ఆరు పాత రూపాయలు కరిగిస్తే వచ్చే వెండితో పదకొండు కొత్త రూపాయలు పొయ్యొచ్చు. మన అవ్వలు ఈ లెక్క కాగితం మీద వెయ్యకుండానే పట్టేశారు. అందుకే మన ఇళ్ళల్లో నేటికీ మిగిలినవి రాణి రూపాయలూ, జార్జి తొలినాళ్ళ రూపాయలూ. యుద్ధకాలపు సగం వెండి రూపాయి దాచుకున్నవారు తక్కువ.

దాచుకోని వాళ్ళూ, పన్ను కట్టాల్సిన వాళ్ళూ, భయపడ్డ వాళ్ళూ ఇచ్చేసిన రూపాయలు ఖజానాలకు చేరాయి. అందులో కొంత వెండి లండన్‌కు కావలసివచ్చింది, యుద్ధం ఖర్చుకు.

1942 ఎలాంటి సంవత్సరమో చెప్పనక్కరలేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆగస్టులో క్విట్ ఇండియా. ఆ అక్టోబరు 1న బొంబాయి రేవు నుంచి "సిటీ ఆఫ్ కైరో" అనే ఓడ బయలుదేరింది. ఎల్లర్మన్ కంపెనీది, 1915లో కట్టింది, 8,000 టన్నుల ఓడ. అప్పటికే 27 ఏళ్ళ వయసు. బొగ్గు ఇంజను, విపరీతమైన పొగ, ఎంత తోలినా గంటకు 12 నాట్లు దాటని నడక. ప్రయాణికులు, వాళ్ళలో ఆడవాళ్ళూ చిన్నపిల్లలూ, పత్తి, కలప, పోత ఇనుము, వీటితోపాటు 2,000 పెట్టెల వెండి నాణేలు. పెట్టెకు యాభై కిలోల చొప్పున వేసుకోండి. అన్నీ రూపాయి బిళ్ళలే అనుకుంటే 85 లక్షల రూపాయలు.

ఇంత సొమ్మును ఇలాంటి ముసలి ఓడలో, తోడు యుద్ధనౌక లేకుండా పంపుతారా అని మనకు అనిపిస్తుంది. పంపారు. యుద్ధంలో మంచి ఓడలు సైనికులకూ ఆయుధాలకూ పోయేవి. మధ్యధరా దారి మూసుకుపోయింది కాబట్టి ఆఫ్రికా చుట్టూ తిరిగి, డర్బన్ మీదుగా కేప్‌టౌన్ చేరి, అక్కణ్ణుంచి అట్లాంటిక్ దాటి బ్రెజిల్ వైపు పోయి, తర్వాత ఇంగ్లండ్ చేరాలని ఏర్పాటు. నవంబరు 1న కేప్‌టౌన్ వదిలింది. నవంబరు 6 రాత్రి, ఆ పొగ చూసి వెంటపడ్డ జర్మన్ జలాంతర్గామి యు-68 మొదటి టార్పెడో వేసింది. జనం లైఫ్‌బోట్లలోకి దిగడానికి కొంత వ్యవధి దొరికింది. తర్వాత రెండోది వేసింది. ఓడ, దానితోపాటు 2,000 పెట్టెలు, 5,150 మీటర్ల లోతుకు వెళ్ళిపోయాయి.

జలాంతర్గామి నాయకుడు మెర్టెన్ పైకి తేలి, లైఫ్‌బోట్ల దగ్గరికి వచ్చి, ఏ ఓడ, ఏం సరుకు అని అడిగి, నేల ఏ దిక్కున ఉందో చెప్పి, ముంచినందుకు క్షమించమని, శుభరాత్రి అని వెళ్ళిపోయాడట. ఇంగ్లండ్‌లో ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఈ మర్యాద దగ్గర కాసేపు ఆగుతారు. నేను ఆగలేను. దగ్గరి నేల సెయింట్ హెలెనా ద్వీపం, దాదాపు 500 మైళ్ళు. నెపోలియన్‌ను బంధించిన ద్వీపమే, మహాసముద్రం మధ్య చుక్క లాంటిది. దాన్ని పడవలో వెతుక్కోవాలి. కొలిచి పోసే గుక్కెడు నీళ్ళు, పగలు ఎండ, రాత్రి చలి.

ఓడలో ఉన్నవాళ్ళు 311 మంది. మునిగేటప్పుడు పోయినవాళ్ళు కొద్దిమందే. మిగతా చావులన్నీ పడవల్లో, తర్వాతి రోజుల్లో. పదమూడు రోజులకు క్లాన్ ఆల్పైన్ అనే ఓడ కొన్ని పడవలను చూసి, జనాన్ని ఎక్కించుకుని సెయింట్ హెలెనాకు చేర్చింది. ఇంకో పడవవాళ్ళను బెండోరన్ అనే ఓడ తీసుకెళ్ళింది. ఒక పడవలో మిగిలిన ముగ్గురిని 36 రోజుల తర్వాత ఒక జర్మన్ ఓడే ఎక్కించుకుంది. వాళ్ళలో ఒక యువతి ఆ ఓడ మీదే చనిపోయింది. 1943 జనవరి 1న ఆ ఓడను ఇంగ్లీషు నౌక ముంచేసింది. మిగతా ఇద్దరు దాన్నుంచి కూడా బతికి బయటపడ్డారు. ఇంకొక పడవ ద్వీపం దాటిపోయామనుకుని బ్రెజిల్ వైపు తిరిగింది. 51వ రోజున, డిసెంబరు 27న, బ్రెజిల్ నౌక ఒకటి ఆ పడవను చూసేసరికి అందులో ఇద్దరే ప్రాణాలతో ఉన్నారు: ఓడ అధికారి జేమ్స్ వైట్, మార్గరెట్ గోర్డన్ అనే ప్రయాణికురాలు. ఆ వైట్ కోలుకుని ఇంటికి పోదామని సిటీ ఆఫ్ ప్రిటోరియా ఎక్కాడు. 1943 మార్చిలో ఆ ఓడకూ టార్పెడో తగిలింది. అందులో ఒక్కరూ మిగల్లేదు.

మొత్తం 104 మంది పోయారు. అందులో ప్రయాణికులు 22 మంది, తుపాకులు కాసేవాళ్ళు ముగ్గురు. మిగతా 79 మందీ ఓడ పనివాళ్ళు. ఆ రోజుల్లో ఇలాంటి ఓడల్లో బొగ్గు పోసేవాళ్ళు, డెక్కు మీద పనిచేసేవాళ్ళు, వంటవాళ్ళు ఎక్కువమంది మన దేశపు లస్కర్లే. అంతకు ముందు శతాబ్దంలో యానాం పక్కనున్న కోరంగి నుంచి కూడా ఎందరో సముద్రం మీదికి పోయారని మనకు తెలుసు. ఈ ఓడలో మన భాషవారు ఉన్నారో లేదో చెప్పగల ఆధారం నా దగ్గర లేదు కాబట్టి ఆ ఊసెత్తను. కాని లస్కరు ఏ భాషవాడైనా, అతను మోసిన పెట్టెల్లో ఉన్నవి మన తాతల చేతుల మీదుగా పోయిన రూపాయలే అయివుండొచ్చు.

ఇక పోయిన సొమ్ము సంగతి. సముద్రంలో పడ్డది దొరికినవాడిదే అని మనలో చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనదు. ఓడ మునిగినా, సరుకు మునిగినా, సొంతదారు వదులుకున్నానని చెప్పేదాకా అది అతనిదే. దాన్ని పైకి తెచ్చినవాడికి కూలీ, బహుమతి దక్కుతాయి తప్ప హక్కు రాదు. బీమా ఉంటే ఇంకో మెలిక. బీమా సొమ్ము చెల్లించినవాడు సొంతదారు చెప్పుల్లో కాలు పెడతాడు. అందుకే నలభయ్యో యాభయ్యో ఏళ్ళ తర్వాత కూడా ఎవడో ఒకడు పత్రాలు పట్టుకుని బయటికొస్తాడు.

సిటీ ఆఫ్ కైరోలోని వెండి బ్రిటిష్ ఖజానాదని పత్రాలు చెప్పాయి. డీప్ ఓషన్ సెర్చ్ అనే సంస్థ బ్రిటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 2011లో వెతికి ఓడను పట్టుకుంది. టైటానిక్ ఉన్నది 3,800 మీటర్ల లోతులో. ఇది ఇంకా కిలోమీటరుకు పైగా కిందికి. ఓడ రెండు ముక్కలై బురదలో కూరుకుపోయి ఉంది. తాళ్ళూ, యంత్రాలూ తెగి, విరిగి, మళ్ళీ దించి, 2013కు పని ముగించారు. పెట్టెలు కుళ్ళిపోయాయి, రూపాయలు మాత్రం గుట్టగా మిగిలాయి. పదుల టన్నుల నాణేలు పైకి వచ్చాయి. రెండేళ్ళ దాకా బయటికి పొక్కనివ్వలేదు. 2015లో ప్రకటించారు. చచ్చిపోయినవారికి గౌరవంగా ఒక ఫలకాన్ని ఓడ దగ్గర దించి వచ్చారని కూడా చెప్పారు.

రూపాయలను ఇంగ్లండ్‌కు తీసుకెళ్ళి కరిగించేశారు. వచ్చిన వెండిని అమ్మి, ఖజానా కొంత, సంస్థ కొంత పంచుకున్నాయి. దాదాపు 3 కోట్ల 40 లక్షల పౌండ్ల సరుకని పత్రికలు రాశాయి.

సభ్యుల్లో నాణేలు సేకరించేవారు నలుగురైదుగురున్నారు, ఈ మాట వాళ్ళకు ఎలా తగులుతుందో నాకు తెలుసు. రూపాయి అంటే వెండి ఒక్కటే కాదు. ఏ సంవత్సరం, బొంబాయి టంకశాలదా కలకత్తాదా, తేదీ కింద చుక్క ఉందా లేదా, ఇవన్నీ చూస్తాం. 1911 రూపాయి కథ తెలిసిందే కదా. రాజుగారి మెడలోని హారం మీద ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని గొడవైతే, అచ్చయినవాటిలో ఎక్కువభాగం బయటికి పోనివ్వకుండా కరిగించి, మరుసటి ఏడు తొండం సరిగ్గా కనబడేలా దిద్దారు. దాంతో బయటపడ్డ కొద్ది "పంది రూపాయలు" సేకర్తలకు ముద్దయ్యాయి. 1939 రూపాయి ఎంత అరుదో, దానికి ఎన్ని నకిలీలు తిరుగుతున్నాయో చెప్పక్కరలేదు. లక్షల రూపాయల కుప్పలో ఏ ఏడాదివి ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టి ఉంటే, 1942లో జనం చేతుల్లోంచి ఖజానాకు ఏం తిరిగొచ్చిందో మనకు తెలిసేది. ఏ పుస్తకంలోనూ లేని సాక్ష్యం అది. కరిగితే ఉత్త లోహం. వందో వెయ్యో మ్యూజియం వాళ్ళకు ఇవ్వడం కాదు, మొత్తం కుప్పనే ఒకసారి చదివి తర్వాత ఏమైనా చేసుకోవాల్సింది. డబ్బు లెక్కలోనూ ఇది తెలివైన పని కాదని నా అభిప్రాయం. కథ ఉన్న నాణేనికి, వెండి ధరకు ఎక్కడా పోలిక లేదు.

ఆ సంగతి కనిపెట్టినవాళ్ళూ ఉన్నారు. 1944 ఆగస్టులో జాన్ బ్యారీ అనే అమెరికా ఓడ ఒమన్ తీరానికి దూరంగా మునిగింది. అందులో ఫిలడెల్ఫియాలో పోసిన 30 లక్షల సౌదీ రియాళ్ళు ఉన్నాయి. మన దేశానికి రావలసిన వెండి కడ్డీలు కూడా అందులో ఉన్నాయని పెద్ద పుకారు. 1994లో వెతికినవాళ్ళకు ఆ కడ్డీలు దొరకలేదు గాని 13 లక్షల రియాళ్ళు దొరికాయి. వాటిని కరిగించలేదు, వేలం వేశారు. ఇప్పటికీ సేకర్తల దగ్గర ఆ ఓడ పేరుతోనే తిరుగుతున్నాయి.

కర్ణాటక సభ్యులకు ఇంకోటి. గేరుసొప్ప పేరు మీద కూడా ఒక ఓడ ఉండేది, "గేర్సొప్పా". 1940 డిసెంబరులో కలకత్తా నుంచి వెండి కడ్డీలు, తేయాకు, పోత ఇనుము వేసుకుని బయలుదేరి, దారిలో బొగ్గు చాలక తోటి ఓడల గుంపును వదిలి ఐర్లండ్ వైపు మళ్ళింది. 1941 ఫిబ్రవరిలో ఐర్లండుకు 300 మైళ్ళ దూరంలో టార్పెడో తగిలి మునిగింది. ప్రాణాలతో ఒడ్డు చేరింది ఒకే ఒక్కడు, రెండో అధికారి రిచర్డ్ ఐరస్. యుద్ధ బీమా కింద బ్రిటిష్ ప్రభుత్వం వెండి సొంతదారులకు సొమ్ము కట్టేసింది కాబట్టి వెండి ప్రభుత్వానిదైంది. 2012, 2013ల్లో ఒడిస్సీ అనే అమెరికా కంపెనీ 2,792 కడ్డీలు తీసింది. ఒప్పందం ప్రకారం నూటికి 80 పాళ్ళు కంపెనీకి, 20 ప్రభుత్వానికి. ఆ వెండిలో కొంతతో ఇంగ్లండ్ టంకశాల చిన్న నాణేలు పోసి, అంచు మీద ఓడ పేరు చెక్కి సేకర్తలకు అమ్మింది. మన వెండే, మన ఊరి పేరే, కొనాలంటే పౌండ్లు కట్టాలి. అదే ఓడలో సరుకు కింద నలిగి గాలి ఆడక కుళ్ళకుండా మిగిలిన 700కు పైగా ఉత్తరాలు దొరికాయి. ఇళ్ళకు రాసుకున్న ఉత్తరాలవి. కడ్డీల కంటే అవి దొరకడమే నాకు వింతగా తోస్తుంది.

తిలావా సంగతి ముంబయి గుజరాతీ కుటుంబాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. 1942 నవంబరు 20న బొంబాయి నుంచి ఆఫ్రికాకు బయలుదేరిన ప్రయాణికుల ఓడ. మూడో రోజున జపాను జలాంతర్గామి ముంచింది. 958 మందిలో 280 మంది పోయారు, బతికిన 678 మందిలో ఎక్కువమందిని బర్మింగ్‌హామ్ అనే యుద్ధనౌక కాపాడింది. అందులోనూ వెండి ఉంది, 2,364 కడ్డీలు, నాణేలు పోయడానికి దక్షిణాఫ్రికా కొనుక్కున్నది. 2017లో అర్జెంటమ్ అనే కంపెనీ ఎవరినీ అడక్కుండా తీసి ఇంగ్లండ్ రేవుకు తెచ్చి, మా కూలీ ఇప్పించండి అంది. దక్షిణాఫ్రికా ఇది ప్రభుత్వ ఆస్తి, మమ్మల్ని మీ కోర్టులకు లాగలేరు అంది. కింది కోర్టు, పై కోర్టు కంపెనీ వైపు తీర్పు చెప్పాయి. 2024 మే 8న బ్రిటన్ సుప్రీంకోర్టు దక్షిణాఫ్రికా వైపు తీర్పిచ్చింది. సముద్రం అడుగున పడివున్న సరుకు వ్యాపారానికి వాడుతున్నట్టు కాదు కాబట్టి ప్రభుత్వానికున్న రక్షణ పోదని దాని సారాంశం. తీర్పు వచ్చేలోపే ఇరువర్గాలూ రాజీ పడ్డాయి.

మరి రూపాయల విషయంలో మనకేమైనా హక్కు ఉందా? చట్టం దృష్టిలో కష్టం. ఇలాంటి మాట అడిగిన దేశం ఒకటుంది, పెరూ. 1804లో ఇంగ్లీషువాళ్ళు ముంచిన మెర్సెదెస్ అనే స్పెయిన్ యుద్ధనౌక నుంచి ఇందాకటి ఒడిస్సీ కంపెనీయే 2007లో 5,94,000 నాణేలు తీసింది. స్పెయిన్ అమెరికా కోర్టుకు వెళ్ళి గెలిచి 2012లో నాణేలన్నీ విమానాల్లో తీసుకుపోయింది. ఆ వెండి మా కొండల్లోది, మా లీమాలో అచ్చయింది అని పెరూ మొత్తుకుంది. కోర్టు వినలేదు. పెరూ మాట చట్టంలో నిలవలేదు గాని అబద్ధం మాత్రం కాదు. మన రూపాయలదీ అదే తంతు. ఇంటింటి నుంచి వెనక్కి తీసుకున్నారు, బదులుగా కాగితం ఇచ్చారు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు బాకీపడ్డది వంద కోట్ల పౌండ్లకు పైగా అని మరిచిపోకూడదు. ఆ బాకీ తీరడానికి ఏళ్ళు పట్టింది.

బొంబాయిలోనే జరిగిన ఒక్క ముక్క ఇక్కడ చెప్పుకుని ముందుకు పోదాం. 1944 ఏప్రిల్ 14న రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు అందులో 124 బంగారు కడ్డీలున్నాయి. అవి గాలిలోకి ఎగిరి, ఒకటి దూరాన ఒక పార్సీ పెద్దమనిషి ఇంటి కప్పు చీల్చుకుని పడింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి సర్కారుకు అప్పజెప్పారు. రేవు అడుగున బురద తోడినప్పుడల్లా 1970ల దాకా కడ్డీలు తగులుతూనే ఉన్నాయి.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా. ఈమధ్య మన సంఘం సభ్యుడొకరు పాత నాణేల పొట్లం కొరియర్లో పంపితే చేరలేదని రాశారు. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. జవాబుల్లో సానుభూతి బాగానే వచ్చింది, పనికొచ్చే మాట తక్కువగా వచ్చింది. ఈ దేశంలో ఈ తగువు కొత్తది కాదు. 1865లోనే సరుకు మోసేవాళ్ళ చట్టం ఒకటి చేశారు. దాని జాబితాలో మొట్టమొదటి వస్తువులు బంగారు, వెండి నాణేలు. వంద రూపాయలకు మించిన అలాంటి సరుకు ఇచ్చేటప్పుడు ఇందులో ఫలానాది ఉంది, దీని విలువ ఇంత అని ముందే నోరు తెరిచి చెప్పకపోతే, పోయినప్పుడు బండివాడి బాధ్యత ఉండదని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2007లో కొత్తది వచ్చింది గాని, అందులోని ఇంగితం చావలేదు. "పుస్తకాలు" అని రాసి నాణేలు పంపితే దొంగకు తెలియదని మనవాళ్ళ ధీమా. పోయినప్పుడు కోర్టుకు తెలిసేది కూడా పుస్తకాలే.

పంపేముందు ప్రతి నాణెం రెండు వైపులా, అంచూ ఫోటో తీసి, బరువు గ్రాముల్లో దశాంశాలతో రాసుకుని, విలువ ప్రకటించి బీమా చెయ్యండి. పోతే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద తేదీ ముద్ర వేయించుకోండి. దొంగతనం అనుమానముంటే పోలీసు ఫిర్యాదు కూడా. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళాలి, ఆ గడువు దాటనివ్వకండి. తోటి సేకర్తలకూ, నాణేల దుకాణాలకూ ఆ ఫోటోలు పంపండి. దొంగ సొమ్ము చివరికి వచ్చేది ఆ గుమ్మాలకే. బీమా సొమ్ము పుచ్చుకున్నాక నాణెం దొరికితే అది బీమా కంపెనీదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి, గేర్సొప్పా వెండి ప్రభుత్వానిది అయినట్టే.

ఇంకోటి, అమెరికాలో పిల్లలున్నవారికి. వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. కేంద్రం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ అందులోకి వచ్చేశాయి, జార్జి తొలినాళ్ళవి కూడా వచ్చి చేరాయి. మనవడి తొలి పుట్టినరోజుకు రాణి రూపాయి కవర్లో పెట్టి పంపుదామనుకునేవారు ఇది గమనించండి. అలాంటి పొట్లం పోతే ఫిర్యాదు కూడా ఇచ్చుకోలేరు.

చివరగా ముంబయి సభ్యులకు ఒక మనవి. మస్జిద్ బందర్ దగ్గరి ఇండియన్ సెయిలర్స్ హోంలో, రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పోయి సమాధి లేకుండా మిగిలిన మన దేశపు నావికుల పేర్ల పుస్తకం ఉంది. వాటిలో దాదాపు ఆరు వేలు వాణిజ్య ఓడల పనివాళ్ళవి. తండ్రి పేరూ, ఊరూ కొన్నిటికి రాసి ఉంటాయి. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల ఊళ్ళు అందులో ఎన్ని ఉన్నాయో ఎవరైనా ఒకపూట కూర్చుని చూసి రాయగలిగితే, తర్వాతి పోస్టు దాని మీదే పెడతాను. మీ ఇళ్ళల్లో ఓడ పనికి పోయి తిరిగిరాని పెద్దల కబురేదైనా ఉంటే, పేరూ ఊరూ సంవత్సరంతో కింద రాయండి.